హద్దురాయి కింద బొగ్గు

మా అపార్ట్‌మెంటు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నతను ఇప్పటికీ కరెంటు పెట్టె ముట్టుకోడు. పొద్దున ఎనిమిదింటికల్లా ఇత్తడి పెట్టె మూత తెరిచి, రాత్రి నీళ్లు చిలకరించి ఆర్పిన బొగ్గులు పోసి, మళ్లీ అంటించి, అట్టముక్కతో విసురుతూ కూర్చుంటాడు. ఆ వాసన మెట్ల వెంబడి ఎగబాకి ఐదో అంతస్తులో ఉన్న మా గడప దాకా వస్తుంది. మిగతా ఇళ్లవాళ్లు ముక్కులు మూసుకుంటారు, మీటింగు పెట్టి అతన్ని అక్కణ్ణుంచి లేపెయ్యాలని కూడా అన్నారు. నేను మాత్రం చేతిలో పని ఆపి కాసేపు నిలబడిపోతాను. బొగ్గుకు వాసనేమిటంటారు గానీ తడిసిన బొగ్గుకు ఉంటుంది, ఎర్రమట్టిలో ఏళ్లకేళ్లు పడి ఉన్న బొగ్గును తవ్వి తీస్తే ఇంకా ఉంటుంది.

ఇస్త్రీకి బట్టలు ఇచ్చేటప్పుడు నేను రెండుసార్లు లెక్కపెడతాను, తిరిగి వచ్చినప్పుడు మూడుసార్లు. "నీకు అనుమానం ఉగ్గుపాలతోనే పట్టినట్టున్నారు" అని మా ఆయన నవ్వుతుంటాడు. నిజమే, పట్టింది మా నాయినమ్మ.

నాయినమ్మ మనుషులను నమ్మేది కాదు. పాలు కొంటే గోటి మీద చుక్క నిలబెట్టి చూసేది, కండక్టరు ఇచ్చిన రూపాయి బిళ్లను పంటికింద పెట్టి చూసేది, పొరుగూరి పెళ్లికి పోయి వస్తే తొడుక్కొచ్చిన చెప్పులు తనవేనా అని ఇంటి ముందు నిలబడి తిప్పి తిప్పి చూసేది. అమ్మ కూరలో ఉప్పు తక్కువేస్తే అది మరుపని ఒప్పుకునేది కాదు, ఏదో మనసులో పెట్టుకునే వేసిందనేది. ఊళ్లో అందరూ ఆమె వెనుక నవ్వేవాళ్లు. అయితే ఆమె అనుమానానికి ఒక పుట్టుక ఉంది. తాత చనిపోయినప్పుడు నాయిన చంటిపిల్లాడు. మా వరి మడికీ, తాత వాళ్ల పెద్దన్న మడికీ నడుమ గెట్టు ఉండేదట. ఆ పెద్దమనిషి ఏటా దుక్కి దున్నేటప్పుడు గెట్టుకు ఇవతల ఒక్క నాగలి సాలు ఎక్కువ వేసేవాడట, హద్దురాయిని ఒక్క బెత్తెడు జరిపేవాడట.

"ఏటా ఒక్క సాలు బిడ్డా. ఒక్క సాలుకు ఏమైతది తియ్ అంటరు గదా. ఇరవై ఏండ్లల్ల మడి పోయింది, మడి ఎంబడి బాయి పోయింది. అడిగితే రాయిని సూపిచ్చిండు. రాయి మాట్లాడ్తదా?" అని ఆమె నాకు జడ వేస్తూ చెప్పేది, చెప్పేకొద్దీ జడ బిగుసుకుపోయేది.

అందుకని నాయిన భూమి కొంటానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించిందీ ఆమే, అందరికంటే ఎక్కువ భయపడిందీ ఆమే. ఎనభైల నడిమి మాట. నాయిన పటాన్‌చెరులో ఒక కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు, సైకిల్ మీద పోయి సైకిల్ మీద వచ్చేవాడు, ఒంటికి సబ్బు ఎంత రుద్దినా పోని మందుల వాసన ఉండేది. ముత్తాతల నాటి నుంచి సేద్యం చేసిన ఇంట్లో పుట్టి గేటు దగ్గర కార్డు గుద్దించుకుని లోపలికి పోవడం ఆయనకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఇంద్రేశం అవతల, ఊరికి మైలు దూరంలో, రెండెకరాల పడావు చెలక, ఏళ్లుగా నాగలి తగలని మెట్టభూమి, బేరానికొస్తే అమ్మ మెడలోది, చెవులది తీసి ఇచ్చింది. కొన్నది తెల్ల కాయితం మీద. అప్పట్లో మా వైపు అందరూ అట్లాగే కొనేవాళ్లు: అమ్మినాయన సంతకం, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు, అంతే. రిజిస్ట్రేషన్ ఆఫీసు మొహం చూసినవాళ్లు ఊళ్లో ఒకరో ఇద్దరో.

నాయినమ్మ ఆ కాయితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది, చదవడం రాకపోయినా. "దీన్ని చెదలు తింటది" అంది. "భూమి కాడ సాక్షి ఉండాలె."

ఆ సాక్షి ఏమిటో తర్వాత తెలిసింది. మూడు నెలలుగా ఆమె పొయ్యిలోని నిప్పుల మీద నీళ్లు చల్లి, ఆరిన బొగ్గులను ఒక పాత కుండలో దాస్తోంది. మంగళవారం హద్దురాళ్లు పాతుతారనగా, ముందురోజు కూలివాళ్లు గుంతలు తీసి పోయారు. మంగళవారం పొద్దున్నే, ఎవరూ రాకముందు, నన్ను వెంటబెట్టుకుని బొగ్గుల గంప నెత్తిన పెట్టుకుని చెలకకు నడిచింది. ప్రతి గుంతలోనూ అడుగున రెండు దోసిళ్ల బొగ్గులు పోసి, పైన జానెడు మట్టి కప్పి, కాలితో తొక్కింది. ఎందుకని అడిగాను.

"రాయికి కాళ్లుంటయ్. బొగ్గుకుండయ్," అంది. "మట్టిల అన్నీ మురుగుతయ్, బొగ్గు మురగది. రేపు ఎవడన్న రాయి జరిపితే బొగ్గు ఎక్కడున్నదో గదే హద్దు. నీకు, నాకు తప్ప మూడో కంటికి తెల్వద్దు."

మూడో తరగతి చదివే పిల్లకు అంతకంటే గొప్ప రహస్యం ఏముంటుంది? అన్నం కూడా సరిగ్గా తినకుండా ఆ రహస్యాన్ని మోసుకు తిరిగాను.

పెద్దలందరి ఎదుట రాళ్లు పాతి, టెంకాయ కొట్టి, కల్లు తాగి వెళ్లాక నాయినమ్మ రెండో పని పెట్టింది. మా చెలక నడుమ ఒక నల్లబండ ఉండేది, పది మంది గడ్డపారలు వేసినా కదలనిది. ఆ బండ నుంచి పడమటి గెట్టు మీది రాయి దాకా నన్ను పాదం ముందు పాదం ఆనించి నడవమంది. నాయిన టేపు తెస్తానన్నాడు, లేకపోతే తాడుతో కొలుద్దామన్నాడు.

"టేపు అమ్మినోనిది. తాడు సాగుతది. నువ్వు మెత్తనోనివి, ఎవడన్న దబాయిస్తే తలకాయ ఊపుతవ్. ఈ పిల్ల కాళ్లయితే మనింటియి," అంది నాయినమ్మ.

ఆమెకు ఇరవైకి మించి లెక్క రాదు. నేను ఇరవై అడుగులు లెక్కపెట్టి ఆగితే ఆమె ఒక చింతగింజ కొంగులో వేసుకునేది, మళ్లీ ఒకటి నుంచి మొదలు. పది గింజలు, పైన పది అడుగులు. రెండు వందల పది. ఆ పది గింజలనూ ఒక గుడ్డలో మూటగట్టి, పైన పది ముళ్లు వేసి, ఉప్పు జాడీ వెనక పెట్టింది.

ఆ చెలకను చెలకగా చేయడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. తుమ్మలు నరికి, పరికి కంప పీకి, అమ్మా నాయినా నేనూ వరసగా వంగి రాళ్లు ఏరేవాళ్లం. ఎంత ఏరినా వాన పడగానే భూమి మళ్లీ రాళ్లు కనేది. ఏరిన వాటిలో నున్నటివి ఐదు దాచుకుని బండ మీద కచ్చకాయలాడుకునేదాన్ని. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు, ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టి ఇచ్చిన ముక్క, మట్టి కుండలో నీళ్లు. పడమటి గాలి వీస్తే వాగు దిక్కు నుంచి ముక్కుపుటాలు మండే ఒక వాసన వచ్చేది, కంపెనీ సైరను మోగితే అమ్మ ఎండను చూడకుండానే పొద్దెంతైందో చెప్పేది. మొదటి ఏడు జొన్న, కంది చల్లితే కంది బతికింది, జొన్న మోకాలెత్తుకు వచ్చి ఆగిపోయింది. రెండో ఏడు జొన్న కూడా పండితే, మూడో ఏడు తొలి ఏకాదశికి మా సొంత జొన్నలు వేయించి, దంచి, బెల్లం కలిపి అమ్మ పేలపిండి చేసింది. నాయిన నైట్ డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కోకముందే ఒక పిడికెడు నోట్లో పోసుకుని, దగ్గొచ్చి, కళ్ల నీళ్లతో నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం నేను మళ్లీ ఎక్కువసార్లు చూడలేదు.

పడమటి గెట్టుకు అవతల ఎల్లయ్య కాక చెలక. వయసులో నాయినకంటే పెద్ద, కూలికి పోయి బతికినవాడు. ప్రభుత్వం ఇచ్చిన ఎకరం ఒక్కటే ఆయనకు ఆస్తి. ఆయన భార్య బాలమణి పెద్దమ్మ. గెట్టుకు వాళ్ల వైపున, రాయికి నాలుగడుగుల దూరంలో ఒక సీతాఫలం చెట్టు ఉండేది. బతుకమ్మ రోజుల్లో ఆమె, అమ్మ గెట్టు పొడుగునా తంగేడు, గునుగు పువ్వు తెంపుకుంటూ మాట్లాడుకునేవాళ్లు, నేను ఆ చెట్టు కింద కూర్చుని కన్ను విచ్చిన పండ్లు ఒడినిండా తినేదాన్ని. "గింజ మింగకు బిడ్డా, కడుపుల చెట్టు మొలుస్తది" అని పెద్దమ్మ ప్రతిసారీ బెదిరించేది, ప్రతిసారీ ఇంకో పండు తెంపి ఇచ్చేది.

మృగశిర వాన పడి నాగలి కట్టేముందు ప్రతి ఏటా నాయినమ్మ నన్ను బండ దగ్గరికి తీసుకుపోయేది. రెండో ఏడు లెక్కపెడితే పది గింజలు, పైన ఒక్క అడుగు. నాయినమ్మ మూట విప్పి చూసింది, పది ముళ్లు తడిమింది. మూడో ఏడు తొమ్మిది గింజలు, పన్నెండడుగులు. మళ్లీ నడవమంది, మళ్లీ అంతే. ఆమె ముఖంలో ఎప్పుడో ఇరవై ఏళ్లనాడు చూసినదాన్ని గుర్తుపట్టిన చూపు కనబడింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది, నాయినకు చెప్పింది, నాయిన నమ్మలేదు. రాయి చూస్తే పాతినచోటే ఉన్నట్టుందన్నాడు.

"మా బావ జరిపిన రాయి గూడ గట్లనే కనిపిచ్చింది కొడుకా," అంది ఆమె.

ఆ రోజు నుంచి ఎల్లయ్య కాక ఏం చేసినా మా ఇంట్లో దానికి రెండో అర్థం ఉండేది. ఆయన పెందలాడే చెలకకు వస్తే, ఎవరూ చూడకముందు వచ్చాడని. ఆలస్యంగా పోతే, ఎవరూ లేకుండా చూసి పోదామని. గెట్టు మీద గడ్డి కోస్తే గెట్టును సన్నం చేస్తున్నాడని, కోయకపోతే రాయి కనబడకుండా పెంచుతున్నాడని. మంచిగా మాట్లాడితే అదే పెద్ద అనుమానం. బతుకమ్మకు అమ్మ, పెద్దమ్మ ఎవరి వైపు పువ్వు వాళ్లు తెంపుకున్నారు. నాకు సీతాఫలాలు తినొద్దని ఆజ్ఞ. బొగ్గు తవ్వి చూద్దామని నేనంటే నాయినమ్మ నా నోరు మూసింది: "తవ్వితే వానికి సాక్షి జాడ తెలుస్తది. తెలిసినంక బొగ్గును గూడ జరుపుతడు."

నాలుగో ఏడు తొమ్మిది గింజలు, నాలుగు అడుగులు. నూట ఎనభై నాలుగు. నాయిన కూడా ఇక ఆగలేకపోయాడు. ఊరి పెద్దమనిషిని ఒకాయనను తీసుకుని గెట్టు మీదికి పోయాం. ఎల్లయ్య కాక తలకు తువ్వాలు చుట్టుకుని, దున్నుతున్న నాగలి ఆపి వచ్చాడు.

"ఆ రాయిని ముట్టుకుంటే నా చెయ్యి పడిపోను," అన్నాడు. "పాతినకాడ్నే ఉన్నది."

"మరి నా భూమి యాడికి పోయింది? గాలికి కొట్కపోయిందా?" అంది నాయినమ్మ.

"పిల్ల లెక్కపెట్టింది ఎల్లన్నా. ఏటేటా లెక్కపెడ్తనే ఉన్నది," అన్నాడు నాయిన, ఆయన ముఖంలోకి చూడకుండా.

ఎల్లయ్య కాక నా ముందు గొంతుక్కూచున్నాడు. చేతులకు ఎర్రమట్టి, గడ్డానికి ఎర్రమట్టి. "బిడ్డా, నువ్వు లెక్కపెట్టినవా? ఎన్నొచ్చినయ్?"

"మొదలు రెండు వందల పది. ఇప్పుడు నూట ఎనభై నాలుగు," అన్నాను, బడిలో ఎక్కం అప్పజెప్పినంత గట్టిగా.

ఆయన తల తిప్పి రాయి వైపు చూశాడు. ఒక్కసారి తిరగబడి అరిచి ఉంటే, నన్ను మళ్లీ నడవమని ఉంటే, తానూ నా పక్కన నడిచి ఉంటే, ఏమయ్యేదో. ఆయన అరవలేదు. బడి మొహం చూడని మనిషి, బడికి పోయే పిల్ల నోట్లోంచి వచ్చిన అంకెను చూసి తన కళ్లనే అనుమానించాడు.

"సదువుకునే పిల్ల. గా పిల్లకు అబద్ధమెందుకు? నాకే తెల్వకుంట నాగలి తాకి జరిగిందో ఏమో," అన్నాడు. అని, తానే గడ్డపార తెచ్చి రాయి పెకిలించాడు. నేను మళ్లీ బండ నుంచి పాదం ముందు పాదం పెట్టి నడిచాను, రెండు వందల పది అయినచోట ఆగాను. ఆరు గజాలు అవతల. అక్కడ గుంత తీసి ఆయనే రాయి నిలబెట్టాడు, రెండో మూల రాయినీ అంతే జరిపాడు. సీతాఫలం చెట్టు మా వైపుకు వచ్చింది.

పాత గుంతను నాయినమ్మే కాలితో మట్టి తోసి పూడ్చింది. ఇంకో జానెడు లోతు తవ్వి ఉంటే చాలు. కానీ ఆమె తవ్వలేదు, మరెవరూ తవ్వలేదు. రాయి జరిగిందని తేలిపోయాక దాని కింద బొగ్గు ఉండదని ఆమెకు రూఢి. అనుమానం ఉన్నవాళ్లు అన్నీ తరచి చూస్తారనుకుంటాం. తమకు కావలసింది దొరికాక వాళ్లంత తేలిగ్గా నమ్మేవాళ్లు ఉండరు.

ఆ తర్వాత గెట్టు మీద ముండ్లకంప వేశారు, నాయినమ్మకు మళ్లీ కొలిపించే అవసరం కనబడలేదు. నేను సంగారెడ్డిలో మేనమామ ఇంట్లో ఉండి హైస్కూలు చదివాను, సెలవుల్లో వచ్చేదాన్ని. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారి ఉండేది: ముత్తంగి దగ్గర లారీల వరస పెరిగేది, ఊళ్లో గదులు కిరాయికి తీసుకుని హిందీ మాట్లాడే పిల్లలు దిగేవాళ్లు, ఎల్లయ్య కాక కొడుకు గడ్డపోతారం కంపెనీలో పనికి చేరాడని తెలిసింది. మా చెలకలో మాత్రం కంది చక్కగా కాసేది, నాయిన ఒక మూలన టమాటా, వంకాయ కూడా పెట్టాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మినాయన చనిపోయాడు. ఆయన కొడుకులు భూమి ధర పెరుగుతోందని విని, తెల్ల కాయితం చెల్లదన్నారు. నాయిన పనిచేసే కంపెనీ అప్పటికే మూతపడింది. ఆ రెండెకరాలే మాకు అన్నం. తెల్ల కాయితాలను ఖాయం చేస్తారని, సర్వేయరు వచ్చి కొలిచి, పక్క చెలకవాళ్లను అడిగి పంచనామా రాస్తాడని ఎవరో చెబితే నాయిన దరఖాస్తు పెట్టాడు. తూర్పునా, ఉత్తరానా, దక్షిణానా ఉన్నవి అమ్మినాయన కొడుకుల భూములే. మా తరఫున నోరు విప్పగల పొరుగు ఒక్కడే, ఎల్లయ్య కాక. ఆయన మాట మీద మా చెలక నిలుస్తుంది, లేదా పోతుంది.

"వాడు పగ తీర్చుకుంటడు సూడు," అంది నాయినమ్మ. సర్వేయరు వచ్చేలోపు కొలతలు సరిచూడాలంది. నేను లంగా ఓణీ వేసుకుని చెలకలో అడుగులు కొలవడానికి సిగ్గుపడ్డాను. "చెల్లె ఉంది కదా," అన్నాను. మేం రాళ్లు ఏరిన రోజుల్లో చంకబిడ్డగా ఉన్న చెల్లెకు అప్పుడు ఎనిమిదేళ్లు. అది లెక్కపెడుతూ నడుస్తుంటే నేను గింజలు వేశాను. పది అయ్యాయి. పదకొండు అయ్యాయి. చెల్లె రాయి తాకేసరికి కొంగులో పన్నెండు గింజలున్నాయి.

నాయినమ్మ మొదట సంతోషపడింది, భూమి పెరిగిందని. ఆ నవ్వు పూర్తి కాకముందే ఆగిపోయింది. చెల్లె పాదాల వైపు చూసింది. తర్వాత నా పాదాల వైపు చూసింది. నేను కూడా చూసుకున్నాను. లంగా అంచు కింద బారెడు పాదాలు, అమ్మ చెప్పులు పట్టే పాదాలు. కాళ్లు పెరుగుతాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదా? ప్రతి దసరాకు కొత్త చెప్పులు పెద్ద సైజు కొనేది ఆ నాయినమ్మే.

చెల్లెను ఇంటికి పంపేసి ఆమె ఖుర్పీ తీసుకుంది. రాయి మొదట ఉన్నచోటు తనకు బాగా గుర్తు. కంది మోళ్ల నడుమ కూర్చుని తవ్వింది, నేను చేతులతో మట్టి తీశాను. ఎక్కువ లోతు పోలేదు. ఎర్రమట్టిలో నల్లగా, పెళుసుగా, చెమ్మగా, పోసినవి పోసినట్టే ఉన్నాయి బొగ్గులు. ఆ వాసన అప్పుడు తగిలింది నాకు. నాయినమ్మ ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. మేం పట్టుకున్న ఇంటి దొంగ నా రెండు కాళ్లు.

"నాయినకు చెప్దామా?" అన్నాను.

"చెప్తె వాడు పోయి ఎల్లయ్య కాళ్ల మీద పడ్తడు. హద్దు తప్పని తెలిస్తె అమ్మినోని కొడుకులు ఊకుంటరా? ఉన్నదంత పోతది," అంది. బొగ్గును మళ్లీ గుంతలో వేసి మట్టి కప్పింది. "నోరు తెర్వకు బిడ్డా."

సర్వేయరు వచ్చిన రోజు గెట్టు మీద పది పన్నెండు మంది. ఇద్దరు మనుషులు ఇనుప గొలుసు లాగుతున్నారు, అమ్మినాయన కొడుకులు తుమ్మ నీడలో నిలబడి బీడీలు కాలుస్తున్నారు. ఎల్లయ్య కాక ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. ఎన్నేళ్లుగా వీళ్లు దున్నుతున్నారని సర్వేయరు అడిగితే, "ఈ సెలకను సెలక జేసిందే వీళ్లు సారూ. రాళ్లు ఏరంగ నేను సూసిన," అన్నాడు. మా మీద పగ ఉందనుకున్న మనిషి నోట ఆ మాట వినేసరికి నాయిన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. హద్దు ఇదేనా అని అడిగాడు సర్వేయరు.

ఎల్లయ్య కాక జనంలో వెతికి నన్ను చూపించాడు. "గా బిడ్డను అడుగున్రి. మా గెట్టు లెక్క ఆ పిల్లకు ఎరుక. సదువుకున్నది."

అందరూ నా వైపు తిరిగారు. నాయినమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. నన్ను ఆపడానికో, ముందుకు తోయడానికో ఇప్పటికీ తేల్చుకోలేను. పదిహేనేళ్ల పిల్లకు తెలియదులే అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ నాకు తెలుసు. నేను నిలబడ్డ చోటికి ఆరు గజాల్లో బొగ్గు ఉందని తెలుసు.

"అవును. అదే," అన్నాను.

ఎల్లయ్య కాక తృప్తిగా తలూపి, సిరా డబ్బీలో బొటనవేలు అద్ది, పంచనామా మీద నొక్కాడు. ఆ ఏడే నాయిన పేరు మీద పాస్ పుస్తకం వచ్చింది. అమ్మ దాన్ని దేవుని గూట్లో పెట్టి పసుపు రాసింది.

నాయినమ్మ మాత్రం ఆ తర్వాత మారింది. అనుమానం తగ్గలేదు, దిక్కు మార్చుకుంది. సీతాఫలాలు పండగానే ఆ చెట్టు కాయ ఒక్కటి కూడా ఇంట్లోకి రానిచ్చేది కాదు. గంపకెత్తి, నా నెత్తిన పెట్టి, బాలమణి పెద్దమ్మ ఇంటికి పంపేది. పెద్దమ్మ ఏమీ ఎరుగక, గంపలో సగం పండ్లు వెనక్కి పెట్టి పంపేది. ఆ సగాన్ని నాయినమ్మ మళ్లీ పంపేది. గంప ఆ రెండిళ్ల నడుమ తిరుగుతుండగానే పండ్లు మెత్తబడిపోయేవి. మంచంలో పడ్డాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "బొగ్గు సూస్తనే ఉంటది బిడ్డా," అంది. రెండు నెలలకు పోయింది.

రెండు వేలు దాటాక మా వైపు భూములన్నీ లేఅవుట్లయ్యాయి. ముందు ఎల్లయ్య కాక అమ్ముకున్నాడు, తర్వాత నాయిన. రోలరు తిరిగి గెట్లన్నీ ఒక్కటయ్యాయి, నల్లబండను మందు పెట్టి పేల్చారు. నాకు అప్పటికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇక చెప్పేయాలని, చెప్పకపోతే అన్నం సయించదని, ఒకరోజు బస్సెక్కి పోయాను. ఎల్లయ్య కాక ఆ లేఅవుట్ గేటు దగ్గరే వాచ్‌మన్‌గా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, పక్కన ఉన్న హిందీ పిల్లవాడికి వచ్చీరాని హిందీలో నన్ను చూపించి చెప్పడం మొదలుపెట్టాడు: ఈ బిడ్డ ఇంత ఎత్తున్నప్పుడే మా గెట్టు కొలిచింది, సర్వేయరు గొలుసు తప్పినా ఈ బిడ్డ లెక్క తప్పదు.

నీళ్లు తాగి, పిల్లల సంగతులు చెప్పి, తిరుగు బస్సెక్కాను. మళ్లీ ఏడు ఎండాకాలంలో ఆయన చనిపోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది. నాయిన అమ్ముకున్న భూమి డబ్బులో నా వాటాగా ఇచ్చినదానితోనే ఈ ఫ్లాటు కొన్నాం. ఇందులో ఎల్లయ్య కాకది ఎంత అని అప్పుడప్పుడు లెక్కవేస్తాను. ఒకసారి వంటగది అని తేలుతుంది, ఒకసారి బాల్కనీ, ఒకసారి ఈ గడప దగ్గర నేను నిలబడ్డ నాలుగు బండలు.

ఇప్పుడు ఆ చెలక జాడ తెలియదు. తంగేడు లేదు, తుమ్మ లేదు, కంది వాసన లేదు, కొలవడం మొదలుపెట్టడానికి బండ లేదు. ఉన్నవి రంగు వేసి నంబర్లు రాసిన ప్లాటు రాళ్లు. ఇస్త్రీ అతను ఇందాకే మూట తెచ్చి ఇచ్చి, "లెక్క చూసుకోండి మేడమ్," అన్నాడు. మూడుసార్లు లెక్కపెట్టాను, సరిగ్గానే ఉన్నాయి. అతని వేళ్లకు అంటిన బొగ్గు మరక మా తెల్ల దిండు గలీబు అంచున పడింది. అతను చూసి కంగారుపడ్డాడు, ఉతికి తెస్తానన్నాడు. వద్దన్నాను. మా నాయినమ్మ పోసిన బొగ్గు ఇంకా అక్కడే, ఎవరింటి పునాది కిందో, పోసింది పోసినట్టే ఉండి ఉంటుంది. హద్దు ఎక్కడో అది ఇప్పటికీ చెప్పగలదు, దాన్ని అడగవలసిన మనిషే లేడు.